లక్క గాజుల ఆన్‌లైన్ షాప్: బ్రాండ్ అంతా ఒకేలా కనిపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సైదాబాద్_గాజులు (ప్రశ్న):

అందరికీ నమస్తే. నేను లక్క గాజులు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. సరుకు లాడ్‌బజార్ చుట్టుపక్కల గల్లీల్లో ఇళ్ల దగ్గరే పనిచేసే కారీగర్ల (చేతిపనివాళ్ల) నుంచి తెస్తాను. లక్కను బొగ్గుల మీద వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, అది మెత్తగా ఉండగానే ఒక్కో రాయి, ఒక్కో అద్దం చేత్తో అద్దుతారు. ఆ పని దగ్గర కూర్చుని చూస్తే వాళ్లు చెప్పిన ధర ఎక్కువని అనబుద్ధి కాదు. ఆర్డర్లు ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ నుంచి వస్తాయి, వెబ్‌సైట్ నుంచి కొన్ని. ప్యాకింగ్ మా ఇంట్లోనే, నేనూ మా చెల్లీ చేస్తాం.

గాజులు చేతికి వచ్చాక ఎవరూ వంక పెట్టరు. సమస్యంతా అవి చేతికి వచ్చే ముందే. ఇన్‌స్టాలో షాప్ పేరు ఉంటుంది, వాట్సాప్‌లో నా పేరు, డబ్బు వేసే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మా ఆయన పేరు. మొన్న కరీంనగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి "ఇది నిజంగా మీ షాపుదేనా?" అని అడిగాకే డబ్బు పంపారు. అడగకుండా వెళ్లిపోయేవాళ్లు ఎంతమంది ఉంటారో అని టెన్షన్. ఫోటోలు కొన్ని నావి, కొన్ని చెల్లి తీసినవి, కొన్ని కారీగర్ తన ఫోన్‌లో తీసి పంపినవి. అదే ఎర్ర గాజు ఒక పోస్టులో ఎరుపు, ఇంకో పోస్టులో మెరూన్‌లా కనిపిస్తుంది. డబ్బాలు బేగంబజార్‌లో ఆ రోజు ఏవి దొరికితే అవి. నేను "అండీ" అని రాస్తాను, చెల్లి "హాయ్ డియర్" అని రాస్తుంది.

ఒక డిజైనర్‌ని అడిగితే లోగో, రంగులు, అక్షరాలు, బ్రాండ్ బుక్ అన్నీ కలిపి 40,000 రూపాయలు అన్నారు. బతుకమ్మ, దసరా సరుకు కొనే టైమ్‌లో అంత తీయడం కష్టం.

ఇంతకీ నేను తెలుసుకోవాలనుకుంటున్నది: చేతిలో కొద్ది డబ్బే ఉన్నప్పుడు దేనితో మొదలుపెట్టాలి? గాజు గాజుకీ తేడా ఉండే చేతిపని సరుకుకి "ఒకేలా ఉండటం" అనేది ఎలా కుదురుతుంది? పేరు తెలుగులో ఉండాలా, ఇంగ్లిష్‌లోనా? మా కస్టమర్లలో ఉర్దూ చదివేవాళ్లు కూడా బాగానే ఉన్నారు.

మెహదీపట్నం_కేకులు:

కాన్వా డిజైన్ యాప్‌లో మంచి లోగో ఒకటి చేసుకుని, రెండు రంగులు ఫిక్స్ చేసుకుని, అన్ని పోస్టులూ ఒకే టెంప్లేట్‌లో పెట్టండి. నేను అలాగే చేశాను. పేజీ చూడగానే నీట్‌గా కనిపిస్తుంది. డిజైనర్ తర్వాత చూసుకోవచ్చు.

నల్లకుంట_నేతచీరలు:

టెంప్లేట్ మంచిదే, కానీ ఇక్కడ మొదట చేయాల్సింది అది కాదని నా అభిప్రాయం. నేను నారాయణపేట, పుట్టపాక చీరలు అమ్ముతాను కాబట్టి చేతిపని సరుకుతో మీరు పడే ఇబ్బంది నాకు బాగా తెలుసు. ఇక్కత్‌లో నూలుకి ముందే రంగులు అద్ది తర్వాత నేస్తారు. డిజైన్ అంచుల్లో గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది, ఏ రెండు చీరలూ అచ్చుగుద్దినట్టు ఉండవు. నేను గట్టిగా నమ్మేది ఒకటే: సరుకులో తేడా సహజమైనప్పుడు దాని చుట్టూ ఉన్నవన్నీ కదలకుండా ఉండాలి. కొలత, రంగు పేరు, ఫోటో తీసే చోటు, డబ్బు వేసేటప్పుడు కనిపించే పేరు, మాట్లాడే తీరు. ఇవి స్థిరంగా ఉంటే గాజులో రాయి అటూ ఇటూగా ఉన్నా కొనేవాళ్లు చేతిపని అందమనే అనుకుంటారు. ఇవి స్థిరంగా లేకపోతే అదే తేడా మోసంలా కనిపిస్తుంది.

మొదట డబ్బు దగ్గరి పేరు. దీనికి డిజైనర్ అడిగినంత ఖర్చు కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, మధ్యలో ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. ఆ సర్టిఫికెట్, బ్యాంకు అడిగే మిగతా కాగితాలు పట్టుకెళ్లి షాప్ పేరు మీద కరెంట్ అకౌంట్ తెరవండి. దానికి తీసుకున్న క్యూఆర్ స్కాన్ చేస్తే షాప్ పేరే వస్తుంది. ఇన్‌స్టాలో దొంగ పేజీలు ఎన్ని ఉన్నాయో మన కస్టమర్లకి తెలుసు. కరీంనగర్ ఆవిడ ఫోన్ చేశారంటే మీ అదృష్టం. చాలామంది ఆ స్క్రీన్ మీద తెలియని మగమనిషి పేరు చూసి వెనక్కి వెళ్లిపోతారు. ఇన్‌స్టా పేరు, వాట్సాప్ బిజినెస్ పేరు, క్యూఆర్, వెబ్‌సైట్, కొరియర్ లేబుల్ మీద "ఫ్రమ్" దగ్గర రాసేది, ఈ ఐదూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా చూసుకోండి. లక్క అని ఒక చోట ఒక "కె"తో, ఇంకో చోట రెండు "కె"లతో రాస్తే వెతికేవాళ్లకి మీరు దొరకరు.

రెండోది సైజు. గాజుల షాపుకి అసలు బ్రాండ్ ఇదే అంటాను నేను. 2-4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 సుమారు 60, 2-8 అయితే 63.5. ఒక సైజుకీ ఇంకో సైజుకీ మధ్య ఉన్నది కేవలం మూడు మిల్లీమీటర్లు. లక్క గాజు సాగదు, వంగదు. చేత్తో తిప్పిన గాజు ఒకటిన్నర మిల్లీమీటరు అటు జరిగితే సగం సైజు మారిపోయినట్టే. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో డిజిటల్ కాలిపర్ (మిల్లీమీటర్లలో కొలిచే పనిముట్టు) దొరుకుతుంది, ఒకటి కొనండి. ప్రతి జతనీ ప్యాక్ చేసే ముందు లోపలివైపు కొలిచి, ఆ మిల్లీమీటర్ల అంకె చిన్న చీటీ మీద చేత్తో రాసి పెట్టండి. కస్టమర్ తను ఇప్పటికే వేసుకుంటున్న గాజుని స్కేలు మీద పెట్టి ఎలా కొలుచుకోవాలో చూపించే ఫోటో ఒక్కటి తీసి, అదే ఫోటో అన్ని చోట్లా వాడండి. "మీ దగ్గర 2-6 అంటే కచ్చితంగా 2-6" అనే పేరు వస్తే దాన్ని ఏ డిజైనరూ తయారుచేసి ఇవ్వలేడు.

రంగు పేర్లు కూడా. రెడ్, డార్క్ రెడ్, మెరూన్ అని రోజుకో రకంగా రాస్తే, అక్క కొన్నదే చెల్లికీ కావాలన్నప్పుడు ఏం అడగాలో వాళ్లకి తెలియదు. చీరలు కొనే ఆడవాళ్లందరికీ తెలిసిన పేర్లు మనకున్నాయి కదా: కుంకుమ రంగు, రాణి రంగు, చిలకాకుపచ్చ, నెమలికంఠం, వంకాయ రంగు, రామా గ్రీన్, ఆనంద బ్లూ. మీ సరుకుకి సరిపడా పన్నెండో పదిహేనో ఎంచుకోండి. ఒక్కో రంగుకి ఒక అసలు గాజు ముక్క పక్కన పెట్టుకోండి. కొత్త సరుకు రాగానే ఆ ముక్క పక్కన పెట్టి పేరు ఖాయం చేయండి. చీరతో మ్యాచింగ్ కోసమే లక్క గాజులు కొనేవాళ్లు ఎక్కువ. రంగు పేరు నమ్మకంగా ఉంటే బ్లౌజ్ ముక్క ఫోటో పంపి "దీనికి ఏది సరిపోతుంది?" అని మిమ్మల్నే అడుగుతారు.

ఫోటోల సంగతి. కారీగర్ పంపినవి సరుకు ఎంచుకోవడానికి వాడుకోండి, పేజీలో పెట్టకండి. ఇంట్లో ఒక కిటికీ, నేరుగా ఎండ పడనిది, ఖాయం చేసుకోండి. కింద ఒకే బట్ట, తెల్లదో లేత బూడిద రంగుదో. రంగు బట్ట మీద పెడితే ఫోన్ తనంతట తాను తెలుపుని సరిచేయబోయి గాజు రంగు మార్చేస్తుంది. మీ ఎరుపు మెరూన్ అవుతున్నది ఇందువల్లే, లేదా ట్యూబ్‌లైట్ వల్ల. ఫిల్టర్లు వద్దు. ప్రతి జతకీ అవే మూడు ఫోటోలు: పైనుంచి ఒకటి, పక్క నుంచి మందం తెలిసేలా ఒకటి, చేతికి వేసుకుని ఒకటి. చేతి ఫోటో దయచేసి మానకండి. విడిగా చూస్తే గాజు వెడల్పు ఎవరికీ అంచనా దొరకదు.

ఇక మాట. మీరూ చెల్లీ ఒకే గొంతుతో మాట్లాడాలి. "అండీ" చాలు, "డియర్" తీసేయండి. మన దగ్గర కొనేవాళ్లలో అమ్మ వయసువాళ్లు కూడా ఉంటారు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైస్ ఉంటాయి. స్లాష్ కొట్టి చిన్న పేరు టైప్ చేస్తే మొత్తం మెసేజ్ వచ్చేస్తుంది. అందరూ అందులో "థాంక్యూ", "ఆర్డర్ కన్ఫర్మ్" లాంటివే రాసుకుంటారు. మీరు ముందు కష్టమైనవి రాసి పెట్టుకోండి: కారీగర్ ఆలస్యం చేశాడు, ఆ డిజైన్ అయిపోయింది, దారిలో గాజు విరిగింది, సైజు మార్చాలి. విరిగితే ఏం చేస్తారో ఇప్పుడే ప్రశాంతంగా నిర్ణయించుకుని రాయండి. ఇద్దరు కస్టమర్లకి రెండు రకాల జవాబులు వెళ్తే ఆ సంగతి వాళ్ల కిట్టీ పార్టీలో బయటపడుతుంది. మీ పేజీ ఎంత అందంగా ఉన్నా గాజు విరిగిన ఆవిడ గుర్తుపెట్టుకునేది మీరు ఆ రోజు పంపిన మెసేజే.

వేసవిలో పంపే ప్రతి డబ్బాలో జాగ్రత్తల చీటీ కూడా ఒకే మాటల్లో ఉండాలి. లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదలకండి, పొయ్యి దగ్గర పని చేసేటప్పుడు తీసి పెట్టండి అని.

సైదాబాద్_గాజులు:

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అక్కా. క్యూఆర్ పని రేపే మొదలుపెడతాను. రంగుల ముక్కల ఆలోచన కారీగర్ భయ్యాకి చెప్తే ఆయనే సంతోషపడతాడు. ఆయనతో కూడా "పోయినసారి ఎరుపు" అనే మాట్లాడుకుంటాం. డబ్బా, లేబుల్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? రాణి రంగు నా బ్రాండ్ రంగు చేద్దామని నాకు చాలా ఇష్టం. పేరు గురించి కూడా, లాడ్‌బజార్ అనే మాట పేరులో పెట్టుకోవచ్చా?

చిక్కడపల్లి_ప్రెస్:

రాణి రంగు ఫోన్‌లో మెరిసిపోతుంది మేడమ్, కానీ కాగితం మీద ఆ మెరుపు రాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. మా మిషన్ సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు కలిపి చూపిస్తుంది. ఆ నాలుగింటితో బాగా మెరిసే గులాబీ రంగులు, నెమలికంఠం లాంటి నీలాలు చప్పబడతాయి. అచ్చంగా అదే రంగు కావాలంటే పాంటోన్ (రంగుల ప్రామాణిక పట్టిక) నంబర్ ఇచ్చి, ఆ రంగులోనే ముందుగా కలిపిన స్పాట్ సిరా విడిగా వేయించాలి. కొద్ది డబ్బాలకి ఆ ఖర్చు గిట్టదు. కాబట్టి తెర మీదా కాగితం మీదా రెండు చోట్లా నిలబడే రంగు తీసుకోండి. ముదురు మెరూన్, ముదురు ఆకుపచ్చ, నీలిమందు రంగు ఇలాంటివి. రాణి రంగు లోపల చుట్టే టిష్యూ పేపర్‌కి ఉంచుకోండి, అది రంగు కాగితంగానే దొరుకుతుంది.

రంగు ఖాయమయ్యాక అందులో ఆ నాలుగు సిరాలూ ఒక్కోటి ఎంత శాతమో ఆ అంకెలు రాసి పెట్టుకోవాలి. అంతకంటే ముఖ్యం, మీరు సరే అన్న ప్రింటు ముక్క ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మళ్లీ ప్రింటుకి వచ్చినప్పుడు ఫోన్‌లో చూపించి "ఇలా కావాలి" అనకండి, ఆ ముక్క తీసుకొచ్చి పక్కన పెట్టండి. నిగనిగలాడే ఆర్ట్ పేపర్ మీదా మామూలు బ్రౌన్ అట్ట మీదా ఒకే సిరా రెండు రకాలుగా కనిపిస్తుంది, అది కూడా గుర్తుంచుకోండి.

డబ్బాల మీద నేరుగా ప్రింటు ఇప్పుడే వద్దు. ఆఫ్‌సెట్‌లో ప్లేటు ఖర్చు ఉంటుంది కాబట్టి వేలల్లో వేయిస్తేనే రేటు తగ్గుతుంది. అన్ని డబ్బాలు మీ ఇంట్లో పెట్టుకోలేరు, చెమ్మకి అట్ట మెత్తబడుతుంది కూడా. బేగంబజార్‌లో సాదా బ్రౌన్ డబ్బా ఒకటే సైజు ఎంచుకుని, ఎప్పుడూ అదే అడగండి. దాని మీద ఒకే రంగు స్టిక్కర్, లేదా రబ్బరు స్టాంపు. మంచి స్టాంపు బ్రౌన్ అట్ట మీద చాలా హుందాగా ఉంటుంది.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట. చాలా ప్రెస్సుల్లో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీ కూర్చే పని) ఇప్పటికీ అను ఫాంట్లతోనే నడుస్తుంది, అవి ఫోన్లు వాడే యూనికోడ్ పద్ధతివి కాదు. మీరు వాట్సాప్‌లో టైప్ చేసి పంపిన తెలుగు అక్కడ అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. ఆపరేటర్ మళ్లీ తన ఫాంట్‌లో కొడతాడు, అప్పుడు మీ పేరు ప్రతిసారీ కొత్త అక్షరాల్లో వస్తుంది. అందుకే పేరుని అక్షరాలు గీతలుగా మార్చిన పీడీఎఫ్‌లో ఇవ్వండి. డిజైన్ చేసేవాళ్లని "కర్వ్స్ చేసి ఇవ్వండి" అని అడిగితే వాళ్లకి అర్థమవుతుంది.

ఫాంట్లకి డబ్బు పెట్టనక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, సురవరం లాంటివి ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. రామభద్ర లావుగా ఉంటుంది, పేరుకి బాగుంటుంది. మండలి చిన్న చీటీల్లో చదవడానికి హాయిగా ఉంటుంది. అంగుళం స్టిక్కర్ మీద పేరు వేసి చూసుకోండి. కింద వత్తు, పైన గుడి రెండూ ఉన్న అక్షరాలైతే ఎత్తు ఎక్కువ తీసుకుంటాయి, గుండ్రటి స్టిక్కర్‌లో కింద వత్తు తెగిపోతుంది. వాట్సాప్, ఇన్‌స్టా ప్రొఫైల్ బొమ్మలు కూడా గుండ్రంగానే కత్తిరిస్తాయి కదా, అక్కడా ఇదే ఇబ్బంది.

హిమాయత్‌నగర్_ఫైలింగ్స్:

పేరు సంగతి నేను చెప్తాను. స్టిక్కర్లు కొట్టించే ముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ చేయండి, ఉచితం. గాజులు, ఇమిటేషన్ నగలు 14వ క్లాసులోకి వస్తాయి, అమ్మకం సేవలు 35లో. రాసే అక్షరాలు వేరైనా పలికే తీరు ఒకటే అయితే చిక్కే, కాబట్టి వినడానికి దగ్గరగా ఉన్నవి కూడా చూడండి. ఆన్‌లైన్‌లో టీఎం-ఏ ఫారం (ట్రేడ్‌మార్క్ దరఖాస్తు) వేస్తే, వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఒక్కో క్లాసుకి ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. మిగతావాళ్లకి 9,000. తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వెళ్తాయి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేశాక అభ్యంతరాలకి నాలుగు నెలలు గడువు ఉంటుంది. రిజిస్టర్ అయితే పదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్. దరఖాస్తు వేసినా వేయకపోయినా టీఎం అని పెట్టుకోవచ్చు. గుండ్రంలో ఆర్ ఉన్న గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. ముందే వాడటం 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం ప్రకారం నేరం.

లాడ్‌బజార్, లక్క, హైదరాబాద్ లాంటి మాటలు మాత్రమే ఉన్న పేరుకి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. సరుకునీ ఊరినీ చెప్పే మాటలు ఒక్కరి సొత్తు కాలేవు, పక్క గల్లీలో అమ్మేవాళ్లకీ ఆ హక్కు ఉంటుంది. మీకు మాత్రమే చెందిన ఒక మాట పేరుగా పెట్టుకుని, కింద చిన్న అక్షరాల్లో "లాడ్‌బజార్ లక్క గాజులు" అని నిజం రాసుకోండి. ఇంకో విషయం. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. చాలామంది వెంటనే జీఐ అని పోస్టుల్లో పెట్టేస్తున్నారు. ఆ గుర్తు వాడాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదు కావాలి. మీ కారీగర్‌ని అడిగి ఆ నమోదు చేయించుకుంటే ఆయనకీ మంచిది, మీకూ మంచిది.

ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో, నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబర్, మెయిల్ ఉండాలని లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు చెప్తాయి. ఈ లేబుల్‌ని కూడా మీ అక్షరాల్లోనే, ఒకే చోట అతికించండి.

నల్లకుంట_నేతచీరలు:

మూడు లిపుల సంగతి మిగిలిపోయింది. ఇన్‌స్టాలో వెతకడానికి ఇంగ్లిష్ అక్షరాలు తప్పవు. డబ్బా మీద మాత్రం తెలుగు పెద్దగా ఉండాలని నేను కోరుకుంటాను, మన ఊరి సరుకు మన అక్షరాల్లో ఇంటికి వస్తే ఆ ఆనందమే వేరు. ఉర్దూలో కూడా పేరు పెట్టండి. ఈ గాజులు చేసే చేతుల్లో చాలావాటి భాష అదే, రంజాన్‌కి కొనే మీ కస్టమర్ల భాష కూడా. ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల మీద ఉర్దూ అందంగా రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, పేరు ఒక్కసారి రాయించుకుని స్కాన్ చేసి పెట్టుకోండి. మూడూ ఎప్పుడూ అదే వరసలో, అదే దూరంలో ఉండాలి.

పండగలకి పోస్టుల రంగులు మారినా ఫర్వాలేదు. బతుకమ్మకి బంతిపూలు పెట్టండి, రంజాన్‌కి నెలవంక పెట్టండి. పేరు, కొలత చీటీ, మూడు ఫోటోలు మాత్రం మార్చకండి. డిజైనర్‌ని కూడా పూర్తిగా వదులుకోవద్దు. దసరా అయ్యాక, పేరు మూడు లిపుల్లో కూర్చి పీడీఎఫ్ ఇవ్వడానికి మాత్రమే ఎంత తీసుకుంటారో అడగండి. బ్రాండ్ బుక్ బదులు ఇప్పటికి ప్యాకింగ్ గదిలో గోడ మీద ఒక కాగితం చాలు, మీ చెల్లి చేతిరాతతో అయినా సరే.

సైదాబాద్_గాజులు:

ఇంట్లో ఇప్పటికే రకరకాల డబ్బాలు చాలా మిగిలి ఉన్నాయి. అవి పారేయాలా?

చిక్కడపల్లి_ప్రెస్:

పారేయకండి మేడమ్. బ్రౌన్ క్రాఫ్ట్ పేపర్ రీము కొని నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోయించండి, ఏ ప్రెస్సులోనైనా కటింగ్ మిషన్ మీద నిమిషాల పని. డబ్బా ఏ రంగుదైనా ఆ పట్టీ చుట్టి, మీద స్టాంపు వేసి, కింద లేబుల్ అతికించండి. పట్టీ వెడల్పు ఒకటే ఉంటే చాలు. డబ్బాలు అయిపోయాక కొత్త సైజుకి కూడా అదే పట్టీ పనికొస్తుంది.